ఎర్రప్ప తప్పొప్పుల చీటీ

2022 ఆగస్టు నాలుగవ తేదీ, గురువారం, ఉదయం పదకొండు గంటల పది నిమిషాలు. పడమటిగాలి విసురుగా వీస్తున్నది. మబ్బులు తలమీదుగా తూర్పునకు పరుగెత్తుతున్నవి. చినుకు మాత్రం లేదు. అనంతపురం పాతవూరిలో ఒక సందు చివరనున్న ముద్రణాలయానికి, అచ్చులో ఉన్న ఒక చిన్న పుస్తకపు ప్రూఫులు దిద్దడానికి వెళ్లి, అక్కడ ఎర్రప్పను మొదటిసారి చూచాను.

వెనుకగదిలో, కాగితపు రీములకూ కిటికీకీ నడుమ, ఒక పాత కంప్యూటరు ముందు అతడు కూర్చుని ఉన్నాడు. యాభై ఏడేళ్ల మనిషి. సన్నగా, నల్లగా ఉంటాడు. చొక్కా జేబు అడుగున ఎన్నడో ఇంకిన సిరామరక. తెరమీద చుక్కల వరుస ఒకటి గోడమీది చీమలబారు వలె అడ్డంగా సాగిపోతున్నది. ఒకచోట ఆ బారు కొంచెం క్రిందికి దిగి, కొంత దూరం నడిచి, మళ్లీ పైకి లేచింది. అతడు ఎడమచేతి వేళ్ల కణుపులమీద బొటనవ్రేలు నడిపిస్తూ ఏదో లెక్కపెడుతున్నాడు.

“ఇది ఏ పుస్తకానిది?” అని అడిగాను.

“పుస్తకం కాదు సార్. చుక్క,” అన్నాడు తల త్రిప్పకుండా.

ముందుగదినుండి యజమాని ఆంజనేయులు నవ్వాడు. “ఏమప్పా ఎర్రప్పా, సారుకు గూడా పట్టపగలే చుక్కలు చూపిస్తాండావా?”

“చూసేటోళ్లకు చూపిస్తాండా అన్నా. నువ్వు ఎప్పుడన్నా ఈ గదిలోకి తలకాయ పెట్టినావా?”

“నాకు నీ పంచాంగం చాలప్పా. అది ముగించి ఏమన్నా చూసుకో.”

పంచాంగం అన్న మాట విని నేను అతనివైపు మళ్లీ చూచాను. ఆ ముద్రణాలయంనుండి ప్రతి ఉగాదికీ వెలువడే పంచాంగం మా ఇంటిలో నలభై ఏళ్లుగా ఉన్నది. దాని ముఖపత్రంమీద ఒక సిద్ధాంతిగారి పేరున్నది. ఆయన 2009లో పోయినారని నాకు తెలుసు. తరువాత ఆ గణితం ఎవరు చేస్తున్నారని నేను ఎన్నడూ అడగలేదు. కొనేవారెవరూ అడిగి ఉండరు.

ఎర్రప్ప రాయదుర్గానికి నాలుగు మైళ్ల దూరంలోని ఒక పల్లెలో, కూలి చేసుకొని బ్రతికే ఇంటిలో పుట్టాడు. తండ్రి ఇతరుల శనక్కాయ చేలలో పనిచేసేవాడు. వాన రాని ఏడు చేలు లేవు. చేలు లేని ఏడు కూలి లేదు. పదవ తరగతి ముగించి, 1984లో అనంతపురం వచ్చి, ఈ ముద్రణాలయంలో సీసపు అక్షరాలు కూర్చే పనిలో చేరాడు. అంకెలు కూర్చడం అందరూ తప్పించుకొనే పని. పంచాంగంలో పుటకు ఆరేడువందల అంకెలుంటవి. ఒకటి తారుమారైతే కంటికి తెలియదు. ఎర్రప్పకు ఆ పని ఇచ్చారు. అతడు తప్పు చేయలేదు. అందువల్ల ఆ పని అతనికే మిగిలిపోయింది.

1993 నాటికి సిద్ధాంతిగారికి చూపు మందగించింది. మొదట అంకెలు చదివి వినిపించడానికి ఎర్రప్పను పిలిచేవారు. తరువాత కూడికలు చేయించారు. మూడేళ్లకు తిథి, నక్షత్రం, గ్రహాలుండే చోట్లు తెలిపే స్ఫుటాలు, గ్రహణాలు అన్నీ ఎర్రప్పే కట్టి వినిపిస్తుంటే ఆయన తలయూపేవారు. ఊరిలో కొందరు ఈ సంగతి ఎత్తినప్పుడు ఆయన ఎర్రప్పతో అన్నమాట ఒకటే: “అంకెకు మడి లేదురా. తప్పా, ఒప్పా, అంతే.”

ఆయన పెట్టిన నియమం ఇంకొకటి ఉన్నది. అచ్చు ముగిసిన పిదప తప్పు కనబడితే, తప్పొప్పుల చీటీ వేసి ప్రతి ప్రతిలోనూ అంటించవలె. ఆ చీటీని తప్పు చేసినవాడే తన చేతితో అంటించవలె, కూలికి పెట్టరాదు. 1998లో ఒక ఏకాదశి ఒక దినం ముందుకు పడింది. ఆరువేల ప్రతులు. ఎర్రప్ప తొమ్మిది దినాలు నేలమీద కూర్చుని మైదాపిండి బంకతో ఆరువేల చీటీలు అంటించాడు. ఆ చీటీమీద “ఫలానా పుటలో ఫలానాది ఇట్లు చదువుకొనవలెను” అని మాత్రమే ఉంటుంది. ఎవరి పేరూ ఉండదు.

చుక్కల సంగతి పుస్తకాల బైండింగువల్ల అతనికి అంటింది. కళాశాల విద్యార్థులు తమ పరిశోధనవ్యాసాలను అట్టలు కట్టించడానికి ఈ ముద్రణాలయానికే తెస్తారు. 2019లో వచ్చిన ఒక వ్యాసంలో నక్షత్రాల వెలుగు కొలతలున్నవి. కుట్టవలసిన పుటలను ఎర్రప్ప వరుసగా చదివాడు. ఆకాశంలో తిరుగుతున్న ఒక దూరదర్శిని లక్షల నక్షత్రాల వెలుగును కొలిచి పంపుతున్నదనీ, ఆ కొలతలను ఎవరైనా ఉచితంగా తీసుకొనవచ్చుననీ అందులో వ్రాసి ఉన్నది. ఒక నక్షత్రం ముందునుండి దాని గ్రహం అడ్డుపోయినప్పుడల్లా వెలుగు కొంచెం తగ్గుతుంది. తగ్గుదల ఒకే వ్యవధిలో మళ్లీ మళ్లీ వచ్చినదా అని వెతకడమే పని. ఎర్రప్పకు అది క్రొత్తగా తోచలేదు.

“ఇది గ్రహణమే కదా సార్,” అని ఆ మొదటి దినమే నాతో అన్నాడు. “మన సూర్యునికి చంద్రుడు అడ్డమొస్తాడు. ఆడ ఇంకోటేదో అడ్డమొస్తాంది. ఈళ్ల లెక్క గూడా మన మాదిరే. తేదీ ల్యా, నెల ల్యా. ఒకనాటినుంచి దినాలు ఎంచుకుంటా పోవడమే. మన అహర్గణం ఉండాదే, అదే.”

అహర్గణమంటే కలియుగాదినుండి గడచిన దినాల మొత్తం. పంచాంగ గణితమంతా ఆ సంఖ్యతోనే మొదలవుతుంది. ఆకాశపు దూరదర్శిని కొలతలలో కూడా కాలం అట్లే దినసంఖ్యగా, చివర దశాంశాలతో ఉంటుంది. ఆ సంఖ్యలు చూడగానే తనకు ఇంటికి వచ్చినట్లున్నదని ఎర్రప్ప అన్నాడు.

మూడేళ్లు, పని నడుమ ఖాళీ దొరికినప్పుడూ, పనిదినాలలో సాయంత్రం ఐదునుండి ఏడువరకూ వెతికాడు. కర్కాటక రాశి దిక్కున, కంటికి కనబడని ఒక నక్షత్రం. దానికి పేరు లేదు, తొమ్మిది అంకెల సంఖ్య ఉన్నది. ఎర్రప్ప చివరి మూడంకెలతో దానిని నాలుగువందల పదిహేడు అనేవాడు. ప్రతి నలభై ఆరు గంటలకు ఒకసారి దాని వెలుగు నూటికి ఒక వంతు తగ్గుతున్నది. అంతకుముందు ఎవరూ దానిని గుర్తించలేదు.

“అయితే గ్రహం దొరికినట్లే కదా?” అన్నాను.

“ల్యా సార్. అడ్డమొచ్చినేది ఎంత లావు ఉండాదో తెలుస్తాది. ఎంత బరువు ఉండాదో తెలీదు. కొన్ని చిన్న నక్షత్రాలు ఉంటాయి, అవి గూడా పెద్ద గ్రహమంతే లావు. అడ్డమొస్తే రెండూ ఒగటే మాదిరి కనపడతాయి.”

“మరి ఎట్లా తెలుస్తుంది?”

అతడు కొంచెం ఆలోచించాడు. “కుక్కపిల్లను తాడుకు కట్టి చుట్టూ తిప్పుకో సార్. నువ్వు కదలవు. దున్నపోతును కట్టి తిప్పుకో. అది తిరగతాంటే నువ్వే ఈడికీ ఆడికీ ఊగుతావు. నక్షత్రం గూడా అంతే. అది ఎంత ఊగుతాందో చూడాల. మన దిక్కు వచ్చేటప్పుడు దాని వెలుగులో గీతలు నీలం పక్కకు జరుగుతాయి, దూరం పోయేటప్పుడు ఎరుపు పక్కకు. ఆ జరుగుడు కొలిస్తే వేగం తెలుస్తాది. కుక్కపిల్లనా దున్నపోతా అనేది ఆడ తేలుతాది.”

ముందుగదినుండి ఆంజనేయులు అన్నాడు. “దున్నపోతు అయితే ఏం జేస్తావప్పా?”

“ఏం జేయను అన్నా. పట్టికలోంచి కొట్టేస్తారు.”

“కుక్కపిల్ల అయితే?”

“పేపరు రాస్తారు. కనుక్కున్నోళ్ల పేర్లలో నా పేరు ఏస్తారు.”

అది చెప్పినప్పుడు అతని గొంతులో మార్పేమీ లేదు. ఒక రైలు వేళ చెప్పినట్లు చెప్పాడు. అయినా ఆ గదిలో మా ముగ్గురికీ అది అర్థమయింది. ఇరవై ఆరేళ్లుగా అతడు కట్టిన లెక్కలు ఇంటింటా గోడలకు వ్రేలాడుతున్నవి. ఏ పుటమీదా అతని పేరు లేదు.

ఈ సంగతి నేను ఒకసారి ఆంజనేయులుతో ఎత్తాను. అతడు చెడ్డవాడు కాడు. తండ్రి పోయిన తరువాత ముద్రణాలయాన్ని మూతపడనీయకుండా నడుపుతున్నాడు. ఎర్రప్ప ఎదుటనే సమాధానం చెప్పాడు.

“సార్, పల్లెల్లో ఆ సిద్ధాంతి పేరు చూసి కొంటారు. ఎర్రప్ప పంచాంగం అంటే ఎవురు కొంటారు, నువ్వే జెప్పు? ఏమప్పా, నీకేమన్నా బాధనా?”

“నాకేం బాధ అన్నా,” అని ఎర్రప్ప దారం కొరికాడు. అతడు అప్పుడు ఒక పుస్తకం కుడుతున్నాడు.

“సరే, ఇంగో మాట. ఆ పరదేశం పేపర్లో నీ పేరు పడనీ. మరుసటేడు మన పంచాంగం అట్టమీద ‘గణితం: ఎర్రప్ప’ అని నేనే ఏస్తా. సార్ సాక్షి.”

నేను సాక్షినయినాను.

వేగం కొలవడం ఇంటినుండి జరిగే పని కాదు. అందుకు పెద్ద దూరదర్శినీ, వెలుగును విడదీసే పరికరమూ కావలె. బెంగళూరులోని ఒక పరిశోధనసంస్థ, బయటివారు కనుగొన్న నక్షత్రాలకు ఏడాదికి కొన్ని రాత్రులు కేటాయించే పథకమొకటి నడుపుతున్నది. దానిని చూచుకొనే ప్రసూన అనే శాస్త్రవేత్త కొత్తచెరువులో పుట్టిన మనిషి. ఎర్రప్ప పంపిన లెక్కలు చూచి స్వయంగా ఫోను చేసింది.

“ఎర్రప్పన్నా, లెక్క చానా శుభ్రంగా ఉండాది. యాడ నేర్చుకున్నావన్నా?”

“పంచాంగం కడతా మేడం.”

“మా అవ్వ ఇంట్లో ఉండేది మీ పంచాంగమే. సరేగాని, మా పద్ధతి ఏమంటే, ఒక్కో నక్షత్రానికి రెండే చూపులు ఇస్తాము. ఆ రెండు సమయాలు ఎవురు అడిగితే వాళ్లే లెక్కగట్టి రాసియ్యాల. ఒగటి నక్షత్రం మన దిక్కు నేరుగా వచ్చేటప్పుడు, ఇంగోటి నేరుగా దూరం పోయేటప్పుడు.”

ఆ మాట నాకు విప్పి చెప్పడానికి ఎర్రప్ప బల్లమీద బంకడబ్బా పెట్టి, దాని చుట్టూ టీ గ్లాసును త్రిప్పాడు. డబ్బా నక్షత్రం; గ్లాసు దానికి ముందుకు వచ్చినప్పుడు గ్రహణం. దానినుండి పావు చుట్టు తిరిగితే డబ్బా మనవైపు గాని, మననుండి దూరంగా గాని పోతుంటుంది. అప్పుడే వేగం తెలుస్తుంది. గ్లాసు ముందున్నప్పుడూ, వెనుకనున్నప్పుడూ డబ్బా ప్రక్కకు మాత్రమే కదులుతుంది. అప్పుడు చూచినా చూడనట్లే. నలభై ఆరు గంటల చుట్టులో ఆ రెండు వేళలకూ ఎడం ఇరవై మూడు గంటలు. కాబట్టి వరుసగా రెండు రాత్రులు చాలును.

2023 జనవరి ఇరవై మూడు, సోమవారం రాత్రి తొమ్మిది గంటలు. ఇరవై నాలుగు, మంగళవారం రాత్రి ఎనిమిది గంటలు. ఈ రెండూ ఎర్రప్ప వ్రాసి పంపిన సమయాలు. అతడు వాటిని నాలుగుసార్లు లెక్కించాడు. గుణకారాలూ కూడికలూ నేను కూడా ఒకసారి సరిచూచాను. వాటిలో తప్పు లేదు. ఆ రెండు రాత్రులూ ఆకాశం నిర్మలంగా ఉండి చూపులు జరిగినవని కబురు వచ్చింది.

ఫిబ్రవరి ఇరవై, సోమవారం నాడు ప్రసూన ఉత్తరం వచ్చింది. రెండు చూపులకూ నడుమ నక్షత్రం వేగంలో సెకనుకు అరకిలోమీటరు తేడా కూడా లేదు. అది పరికరపు పొరపాటు పరిమితిలోనిదే. తోడున్నది నక్షత్రమైతే ఈ తేడా పదుల కిలోమీటర్లు ఉండవలెను. కాబట్టి అది గ్రహమేనని భావించి వ్యాసం సిద్ధం చేస్తున్నాము. మీ పేరు ఎట్లు ఉండవలెనో మార్చి పదిలోగా తెలియజేయగలరు. ఇంతే ఉత్తరం.

“కుక్కపిల్లేనప్పా!” అని ఆంజనేయులు వీధి చివరి అంగడినుండి మైసూరుపాకు తెప్పించాడు. ఎర్రప్ప ఒక ముక్క తిని, ఒక ముక్క భార్య నల్లమ్మకు కాగితంలో చుట్టి జేబులో పెట్టుకొన్నాడు. మరునాడు ఆమె ఏమన్నదని అడిగాను.

“‘చుక్క దొరికిందని మిఠాయి పంచేటోళ్లను ఇప్పుడే చూస్తాండా’ అనింది సార్. తినింది.”

తరువాతి సోమవారం, ఫిబ్రవరి ఇరవై ఏడు, సాయంత్రం నాలుగు గంటలకు నేను ముద్రణాలయానికి వెళ్లాను. ఎండ అప్పటికే ముదిరింది. పేరు పంపే ఉత్తరం ఇద్దరం కలిసి వ్రాయవలెనని అనుకొన్నాము. ఉత్తరం మొదలుపెట్టే ముందు, ఏ ఉద్దేశమూ లేకుండా, నేను ఒకమాట అడిగాను.

“ఆ దినసంఖ్యనుండి గడియారపు వేళ ఎట్లా తీస్తావో నాకు తెలిసిన దినమొకటి పెట్టి చూపించు.”

“ఏ దినం సార్?”

“2019 మార్గశిర అమావాస్య. సూర్యగ్రహణం.”

ఆ గ్రహణం మా ఊరందరికీ జ్ఞాపకమే. గురువారం ఉదయం తొమ్మిదిన్నర ప్రాంతంలో ఎండ వెలవెలబోయింది. ఎర్రప్ప గణితం ప్రకారం మధ్యకాలం తొమ్మిది గంటల ఇరవై ఎనిమిది నిమిషాలని పంచాంగంలో అచ్చయింది. నిమిషం తేడా లేకుండా అట్లే జరిగింది. అతడు కట్టిన లెక్కలన్నింటిలో అది మేలైనదని అతనికి తెలుసు. అందుకేనేమో కొంచెం నవ్వాడు.

తెరమీద ఒక గ్రహణాల పట్టిక తెరిచి, మా ఊరి మధ్యకాలానికి దినసంఖ్య తీశాడు. పూర్ణాంకం డిసెంబరు ఇరవై అయిదుది. దాని తరువాత దశాంశం ఆరువందల అరవై అయిదు, అంటే దినంలో వెయ్యింట అన్ని వంతులు. దినంలో ఆ భాగం గంటలలోకి మారిస్తే పదహారు గంటలకు రెండు నిమిషాలు తక్కువ. సూర్యోదయం ఆరు గంటలనుండి పదహారు గంటలు.

అతని బొటనవ్రేలు చిటికెనవ్రేలి కణుపుమీద ఆగిపోయింది.

“ఎంత?” అన్నాను.

“ఇరవై ఐదో తేదీ. రాత్రి పది.”

“రాత్రి పదింటికి సూర్యగ్రహణమా?” అని నేను నవ్వాను. అతడు నవ్వలేదు. మళ్లీ లెక్కించాడు. అదే వచ్చింది. పట్టిక అడుగున సన్నని అక్షరాలతో ఉన్న వివరణను వ్రేలు పెట్టి చదివాడు. చదివి, లేచి, బయటకు పోయి, కుళాయి క్రింద ముఖం కడుగుకొని వచ్చి కూర్చున్నాడు. తుడుచుకోలేదు.

“ఈళ్ల దినం సూర్యోదయంతో మొదలు కాదు సార్. మధ్యాన్నం పన్నెండుతో మొదలు. అదీ లండన్ కాడి మధ్యాన్నం. మనకు సాయంత్రం ఐదున్నర. నేను తెల్లారి ఆరుతో మొదలుపెట్టినా.”

“ఎంత తేడా పడింది?”

“పదకొండున్నర గంటలు.” కొంచెం ఆగి, “నలభై ఆరులో నాలుగో వంతు ఎంత సార్?” అని అడిగాడు.

నేను లెక్కపెట్టనవసరం లేకపోయింది. అతడే గ్లాసును తీసి బంకడబ్బాకు నేరుగా ముందు పెట్టాడు. తరువాత దానిని నేరుగా వెనుక పెట్టాడు.

“సరిగ్గా పావు చుట్టు. రెండు రాత్రులూ వాళ్లు చూసినేది ఈడ, ఈడ. ముందర, ఎనక. అందుకే కదల్లేదు. ఇట్ల చూస్తే కుక్కపిల్లకూ కదలదు, దున్నపోతుకూ కదలదు.”

దినం సూర్యోదయంతో మొదలవుతుందన్నది పంచాంగం కట్టేవాడు నేర్చుకొనే సంగతి కాదు. దానిమీద నిలుచుండి మిగిలినవన్నీ నేర్చుకొంటాడు. ఎర్రప్ప ముప్పయి ఏళ్లు దానిమీద నిలుచున్నాడు. లెక్కలో ఎక్కడ వెతికినా ఆ తప్పు దొరకదు, ఎందుకంటే అది లెక్కకు ముందున్నది. నేను కూడికలు సరిచూచిన దినం నాకూ తట్టలేదు; నాకూ దినం సూర్యోదయంతోనే మొదలవుతుంది.

ఆంజనేయులు వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు. అంతా విన్నాడు. గడ్డం గోక్కొన్నాడు.

“అయితే ఇప్పుడు అది దున్నపోతని తేలిందా?”

“ఏదీ తేలల్యా అన్నా. తేలిందనుకున్నేది తేలల్యా, అంతే.”

“అట్లయితే కుక్కపిల్ల గూడా కావచ్చు కదప్పా. వాళ్లు అడగల్యా, పెట్టల్యా. పేరు రాసి పంపిచ్చు. మళ్లా ఎవురన్నా చూసినప్పుడు చూసుకుందురు. నువ్వు దొంగతనం జేసినావా ఏమన్నా? నోరు మూసుకోనుంటే ఏం పోతాది?”

ఎర్రప్ప నావైపు చూచాడు. ఆ క్షణంలో నాకు ఆంజనేయులు మాట అన్యాయంగా తోచలేదని ఇక్కడ వ్రాయడం న్యాయం.

“ఉగాది దగ్గరికొచ్చింది అన్నా. కట్టలు కట్టాల,” అని ఎర్రప్ప లేచి, ఆ సాయంత్రం ఏడు గంటలవరకు క్రొత్త పంచాంగపు కట్టలకు పురికొస చుట్టాడు. ఒక్కొక్క కట్టకు యాభై ప్రతులు. ముడి వేసి, మిగిలిన కొసను కత్తిరించి, ప్రక్కన పెట్టేవాడు. పై ప్రతిమీద సిద్ధాంతిగారి పేరు పైకి కనబడేటట్లు పెట్టడం వాడుక, అట్లే పెట్టాడు.

మరునాడు ఉదయం పదిన్నరకు ప్రసూనకు ఫోను చేశాడు. నన్ను ప్రక్కన కూర్చోమని, మాట బయటకు వినబడేటట్లు పెట్టాడు.

“ఎర్రప్పన్నా, పేరు ఇంగా పంపల్యా ఏమన్నా? నీకోసమే ఆగినాము.”

“మేడం, తప్పొప్పుల చీటీ ఒగటి ఉండాది. రాసుకుంటారా?”

“ఏం చీటీ అన్నా?”

“నేనిచ్చిన రెండు సమయాలూ తప్పు. పదకొండున్నర గంటలు ముందుకు పడినాయి. నేను దినాన్ని సూర్యోదయంతో మొదలుపెట్టినా.”

అవతల కీబోర్డు చప్పుడు వినిపించింది. ఆగింది. మళ్లీ వినిపించింది.

“అంటే రెండుసార్లూ మనం గ్రహణం రేఖమీదే చూసినామన్నమాట.”

“ఊఁ.”

“అంటే ఏమీ చూడనట్టే.”

“ఊఁ.”

“ఇది నేను చూసుకోవాల్సింది అన్నా. లెక్క అంత శుభ్రంగా ఉంటే నేను మళ్లా మొదటినుంచి కట్టల్యా.”

“సమయం రాసినేది నేను మేడం. చీటీ నాదే.” ఎర్రప్ప ఎదుటనున్న కాగితం చూచి చదివాడు. “మార్చి పంతొమ్మిది, ఆదివారం, రాత్రి పదకొండున్నర. ఇరవై, సోమవారం, రాత్రి పదిన్నర. ఇవి సరైనవి. 2019 సూర్యగ్రహణంతో పోల్చి చూసినా.”

“మళ్లా రెండు చూపులు ఇప్పిస్తానన్నా. ఎవురో ఒగరిది మిగిలింది.” కొంచెం ఆగి, “నువ్వు జెప్పకుండా ఉంటే పేపరు వచ్చేసేది, తెలుసు కదా?” అన్నది.

“తెలుసు మేడం.”

ఫోను పెట్టి, ప్రూఫు కాగితాలు నా ముందుకు జరిపాడు. నా పుస్తకంలో అరవై రెండవ పుటలో ఒక తేదీ తప్పున్నదని చూపించాడు. ఉన్నది.

క్రొత్త చూపులు ఉగాదికి ముందు, అతడు వ్రాసిన రెండు రాత్రులే జరిగినవి. ఆ మూడు వారాలు అతడు సాయంత్రం ఐదు తరువాత కంప్యూటరు తెరవలేదు. అడిగితే, “తెరిస్తే ఏముండాది సార్, వాళ్లు జెప్తారు,” అనేవాడు. గ్రహమయ్యే అవకాశం ఇంకా ఉన్నదా అని ఒకసారి అడిగాను. “సగం సగం” అన్నాడు. కొంతసేపటికి, “సగంకంటే తక్కువే,” అన్నాడు.

ఏప్రిల్ పన్నెండు, బుధవారం మధ్యాహ్నం ప్రసూన ఫోను వచ్చింది. మేము టీ త్రాగుతున్నాము. ఆ దినం వేడిమి నలభై డిగ్రీలు.

“అన్నా, ముప్పై రెండు కిలోమీటర్లు.”

సెకనుకు ముప్పయి రెండు కిలోమీటర్లు. రెండు రాత్రులకూ నడుమ నక్షత్రం వేగంలో వచ్చిన తేడా. ఎర్రప్ప గ్లాసు క్రింద పెట్టాడు.

“దున్నపోతు,” అన్నాడు.

“దున్నపోతే అన్నా. చిన్న నక్షత్రం. మన సూర్యునిలో పదో వంతు బరువుంటుంది. గ్రహం కాదు.” కొంచెం తటపటాయించి, “కొట్టేసిన పట్టికలో చేరుస్తాము. సమయం సవరించినోళ్లు అని కింద నీ పేరు ఒక వరుస ఏయించగలను. మా వాళ్లను అడుగుతా, ఒప్పుకుంటారు,” అన్నది.

“వద్దు మేడం. తప్పొప్పుల చీటీకి పేరుండదు.”

“అది మీ పంచాంగంలో అన్నా.”

“నాది అదే కదా మేడం.”

సాయంత్రం ఇంటికి పోయేటప్పుడు ఆంజనేయులు, “మళ్లా ఇంగో చుక్క చూడప్పా, చుక్కలకేం కరువా?” అన్నాడు.

“చూస్తాలే అన్నా,” అని ఎర్రప్ప చెప్పులు తొడుక్కొన్నాడు. తరువాత అతడు చూడలేదు.

ఆ పిదప జరిగినవి ఇవి.

ఎర్రప్ప ఇంకొక ఏటి పంచాంగం కట్టాడు. దాని కట్టలన్నీ పంపిన తరువాత, 2024 మార్చి ముప్పయి ఒకటి, ఆదివారం నాడు పని మానుకొన్నాడు. అతడూ, నల్లమ్మా ఇప్పుడు రాయదుర్గంలో కూతురు అంజలి ఇంటిలో ఉంటున్నారు. అంజలి జీన్సు కుట్టే యూనిట్‌లో పని చేస్తుంది. కుట్టిన ప్యాంట్లు ఇంటికి వస్తే మిగిలిన దారాలను ఎర్రప్ప చిన్న కత్తెరతో కత్తిరిస్తాడు. గత డిసెంబరులో బస్సు దిగి వాళ్ల ఇంటికి పోయి చూచాను, అరగంట కూర్చున్నాము. నక్షత్రాల మాట అతడూ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

ఆంజనేయులు పంచాంగ గణితాన్ని ఇప్పుడు కంప్యూటరులో చేయిస్తున్నాడు. ముఖపత్రంమీద సిద్ధాంతిగారి పేరే ఉన్నది.

ప్రసూన పథకంలో దరఖాస్తు కాగితం మారింది. దినం లండన్ మధ్యాహ్నం పన్నెండుతో మొదలవునని అందులో ఇప్పుడు ఒక వాక్యం ఉన్నది.

నాలుగువందల పదిహేడు కొట్టివేసిన నక్షత్రాల పట్టికలో ఉన్నది. నలభై ఆరు గంటలు అని ఒక గడిలో, ముప్పయి రెండు కిలోమీటర్లు అని మరొక గడిలో, తోడు నక్షత్రం అని చివరి గడిలో వ్రాసి ఉన్నది. ఎవరు చూచినారన్న గడి ఆ పట్టికలో లేదు.